గాజు మీద మూడు రాళ్లు

జూన్‌లో వచ్చాయి, అట్టపెట్టెలో,
పన్నెండు ట్యాబ్‌లు.
ఎవరో కంపెనీ వాళ్లు, జనవరి దాకా వాడుకోమన్నారు.
మా మూడో తరగతిలో ముప్పై ఏడుగురు.
లెక్కల సారు భాగహారం చేసి
ముగ్గురికొకటి,
శేషం వచ్చినవాడికి డ్రాయింగ్ టీచరమ్మ పక్కన కుర్చీ, అన్నారు.

యాకుత్‌పురా పట్టాల పక్క బడి మాది.
రైలు పోతుంటే గీత వంకరపోతుంది,
దాన్నే కొండ చేసేస్తాం.
నాకొచ్చిన విద్య బెండకాయ.
అడ్డంగా కోసి రంగులో అద్దితే పువ్వు,
పిల్లల చొక్కాల మీద కూడా పువ్వే.
ట్యాబ్‌లో బెండకాయ లేదు.
నాకు దాన్ని నేర్పింది శేషంగా మిగిలిన జుగల్.
బిల్డింగ్ పనికి ఒడిశా నుంచి వచ్చినోళ్ల పిల్లాడు,
మాటలు తక్కువ, వేలు మాత్రం గలగలా మాట్లాడేది.

మొదట అందరికీ నచ్చింది వెనక్కి తిరిగిన బాణం.
నొక్కితే తప్పు మాయం.
వారం తిరక్కుండానే
తెలుగు పాఠంలో ఒత్తు మింగేసిన ఎల్లేష్
గాల్లో ఎడమవైపు వేలితో టక్కుమని నొక్కి
మళ్లీ చదివాడు.

తర్వాత చుక్కల గొట్టం.
ఫోటోలో ఎక్కడ ముంచితే అక్కడి రంగు పీల్చుకొస్తుంది.
చాదర్‌ఘాట్ వంతెన మీంచి
వాళ్ల నాయన ఫోన్‌లో మూసీని తీసుకొచ్చాడు ఎల్లేష్.
ముంచాడు.
తోమని ఇత్తడి బిందె అడుగు రంగు వచ్చింది.
అదే పులిమాడు ఈ అంచు నుంచి ఆ అంచుకి,
మధ్యలో ఒక నారింజ చేప.
"చేపేంట్రా ఇంత మెరుస్తోంది?"
"చేపను నేను అనుకున్న టీచర్.
నదిని అనుకోలే, అది ఉన్నది."

నౌషీన్ ఫోటోలో వాళ్లమ్మ చేతిలో లక్కగాజు.
ఇంట్లో రాళ్లు అతికిస్తుంది ఆమె, డజనుకింత అని.
గొట్టం ఒక రాయి మీద పెడితే తెలుపు,
వెంట్రుకవాసి జరిపితే నలుపు,
ఇంకొంచెం జరిపితే ట్యూబులైటు,
ఆ పక్కన ఫోటో తీస్తున్న తన గులాబీ కుర్తా.
"ఏ రంగు టీచర్ ఇది?"
నాకు తెలీదన్నాను.
తెలీకపోవడం అంత హాయిగా ఎప్పుడూ లేదు.

మర్నాడు అగ్గిపెట్టె తెచ్చింది.
అందులో పూత ఊడిన రాళ్లు,
సేఠ్ వెనక్కి పంపినవి.
నేను హాజరు పిలుస్తుండగానే
అమ్మ బొమ్మ గీసి, మణికట్టు దగ్గర
గమ్ముతో మూడు అంటించేసింది
ఏడో నంబరు ట్యాబ్ మీద.
నా గొంతు పట్టాల అవతలికి వినిపించింది.
"గాజు మీద ఎవరైనా అంటిస్తారా?"
బిత్తరపోయి చూసింది.
"మా అమ్మీ రోజూ గాజుల మీదే అంటిస్తది టీచర్."

జనవరిలో జాబితా పట్టుకుని ఒక కుర్రాడొచ్చాడు.
ఏడో నంబరు తిప్పి తిప్పి చూశాడు,
గోరుతో గీకాడు, రాలేదు.
స్విచ్ నొక్కాడు.
నల్లగా పడున్న రాళ్లు
కింద వెలిగిన చేతి రంగు తాగి లేచాయి.
గోరు ఆగింది.
మళ్లీ ఆర్పి, మళ్లీ వెలిగించాడు.

బొమ్మలన్నీ తుడిచేస్తారట లోపల.
నవంబర్‌లో బిల్డింగ్ పూర్తయి
చెప్పకుండా వెళ్లిపోయిన జుగల్ గీసిన
కిటికీలే కిటికీలున్న ఇల్లు కూడా.
"బాణం నొక్కితే రావా?"
"అంత వెనక్కి పోదు మేడమ్."

సంతకం పెట్టే కాగితంలో
నష్టం అని ఒక గడి.
కుర్రాడు పెన్ను నాకిచ్చాడు.
రాశాను,
ఏడో నంబరు: గాజు బాగుంది, రాళ్లు మూడు.

శుక్రవారం బెండకాయలు కొనాలి.
ముదురువైతే పువ్వు బాగా పడుతుంది.