ముప్పై ఎనిమిది పాయింటు ఆరు

గుణుపురంలో రాత్రి పదకొండు దాటాక
కరెంటు వచ్చింది, దాంతోపాటే ఒక వ్యాసం.
ఎవరు రాశారో నాకు చెప్పరు,
ఎవరు చదివారో వాళ్లకీ చెప్పరు.
పేర్లు కడిగేసి పంపుతారు,
ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు కావాలంటారు.

వంశధార ఎగువన వానల గురించి.
భాష బాగుంది, గీతలు తిన్నగా ఉన్నాయి.
నాలుగో పట్టిక దగ్గర టీ గ్లాసు కింద పెట్టాను.
ఆగస్టు పదకొండు: ముప్పై ఎనిమిది పాయింటు ఆరు మిల్లీమీటర్లు.

ఈ వాన నాకు తెలుసు.
ఇది ఆకాశం నుంచి రాలేదు.

ఆ ఏడు మలేరియాతో
కాపువీధి గదిలో మూడు దుప్పట్ల కింద వణుకుతున్నాను.
కాలేజీ వెనక వానగొట్టం చూసే ఇసాకు గొమాంగో
గుమ్మంలో గొడుగు విదిల్చి నిలబడ్డాడు.
"మేక తన్నీసింది ఆజ్ఞా. నీళ్లన్నీ ఒలికిపోనాయి."
కొలతల పుస్తకం నా పొట్టమీద పెట్టి
"లేదని రాసీండి," అన్నాడు.

తొమ్మిదేళ్లుగా నింపుకొస్తున్న పుస్తకం.
ఒక్క ఖాళీ గడి పన్నూడిన నోరులా కనిపిస్తుందనిపించింది.
పక్క రోజుల వంక చూసి, జ్వరం చేత్తోనే
ముప్పై ఎనిమిది అని రాశాను.
మరీ గుండ్రంగా ఉందని
పాయింటు పెట్టి ఆరు చేర్చాను,
అబద్ధం బుగ్గన దిష్టిచుక్క.

ఇసాకు చూశాడు.
తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

ఆ పుస్తకం ఇరవై రెండేళ్లు నిండి నా థీసిస్ అయింది.
ముందుమాటలో ముగ్గురు ఆచార్యులకు కృతజ్ఞతలు,
మా ఆవిడకు, అరసవిల్లి దేవుడికి,
టైపు కొట్టిన కుర్రాడికి కూడా.
ఇసాకు 'తదితరులు'లో ఉన్నాడు.

ఇప్పుడెవరో ఆ ఇరవై రెండేళ్లనీ ఎత్తుకుపోయి
తనే తడిసినట్టు రాసుకున్నాడు.
దొంగ దొరికాడని లేచి నిలబడ్డాను కూడా.
లుంగీ సర్దుకునేలోపే అర్థమైంది.
మిగతా వానలన్నీ వానలే;
నీ గొట్టం పక్కనే నా గొట్టమూ ఉందంటే కాదనలేను.
ఆ ఒక్కటే పూర్తిగా నాది.
వాణ్ణి పట్టించాలంటే
నేను చేసిందే సాక్షి.

పోనీ, ఊరుకుంటే?
కూడి చూశాను. సగటులో వెంట్రుకవాసి తేడా.
వాళ్లు కట్టమంటున్న కరకట్ట
ఆ ఆరువల్ల బొటనవేలంతైనా ఎత్తు మారదు.
మళ్లీ కూడాను. మారదు.
రెండయ్యేదాకా అదే కూడిక వేస్తున్నానని
పెన్సిలు మొద్దుబారాక తెలిసింది.

సంపాదకురాలికి ఉత్తరం మొదలుపెట్టాను.
'ఈ పట్టిక నాది'. కొట్టేశాను.
'ఈ పట్టికలో ఒక గడి అబద్ధం'. ఉంచాను.
'అది నాకెలా తెలుసంటే'
ఇక్కడ తెల్లారింది.

పుట్టసింగి బస్సులో కిటికీ మూసుకోలేదు,
కాగితం ఒక మూల తడిసింది.
ఇసాకు అరుగుమీద చింతపండు గింజ తీస్తున్నాడు.
చూపు మందగించింది, గొంతుపట్టి పోల్చుకున్నాడు.
ఉత్తరం చదివి వినిపించాను.
తదితరుల దగ్గర ఆగి,
నీ పేరు పూర్తిగా ఎలా రాయాలి అనడిగాను.
ఇన్నేళ్లలో అడగడం అదే మొదలు.

అతను గింజలు ఒక పక్కకి నెట్టాడు.
చేతులు పంచెకి తుడుచుకున్నాడు.
చాలాసేపు కొండవైపు చూసి,
"ఆ మేక నాదే ఆజ్ఞా," అన్నాడు.
"కట్టీకుండా వదిలీసినాను.
ఉద్యోగం పోద్దని చెప్పలేదు."

బస్సు వెనక్కి తిప్పుతూ హారను కొడుతున్నారు.

"అదీ రాసీండి."