అరవై రెండు మాటలు

కసుంగు నుంచి తియామికే పంపిన వార్త
తొమ్మిది వందల మాటలు.
నేను దాన్ని అరవై రెండుకి తెచ్చాను.
పని రాక కాదు. బాగా వచ్చు గనకే.

ఏప్రిల్ అది. వేలం మొదలయ్యే వారం.
కనెంగో వైపు నుంచి గాలి మళ్ళిందంటే
లిలాంగ్వే అంతా ఎండుటాకు వాసన.
కిటికీలు మూసినా టీ కప్పులోకి దిగుతుంది.
మా డెస్కులో ఒక్కరమూ కాల్చం,
అందరం తాగుతుంటాం.

ఆమె రాసిన మొదటి వాక్యం:
"ఫలెసి వాంతి చేసుకుని, మోచేత్తో నోరు తుడుచుకుని,
పక్క సాలుకి వెళ్ళింది."
పదకొండేళ్ళు. వానకు తడిసిన ఆకు.
ఒంటికి అతుక్కుపోయిన గౌను.
పసరు చర్మంలోంచే ఎక్కుతుందట,
నిప్పు అక్కర్లేదు, పొగ అక్కర్లేదు.
రాత్రి పిల్ల తల తిరిగి పడిపోతే
అమ్మమ్మ దయ్యమనుకుని బూడిద రాసింది,
అని కూడా ఉంది.
ముందు అమ్మమ్మని తీసేశాను.
మొదటి కోత కదా, నొప్పి తెలియలేదు.

ఎనిమిదింటికి మసేకో వచ్చాడు, ప్రకటనల మనిషి.
మంచివాడు. నా పెళ్ళికి మేకను తోలుకొచ్చినవాడు.
చేతిలో నాలుగు పేజీల అనుబంధం:
నవ్వే రైతు, కొత్త సైకిలు,
"మన నేల, మన రేపు" అని పెద్దక్షరాలు,
కంపెనీ పేరు మాత్రం చీమ తలంత.
వార్త గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.
జెనరేటర్ డీజిల్ బిల్లు నా బల్ల మీద పెట్టి
"ఇదీ ఈ వారమే కట్టాలి" అని వెళ్ళిపోయాడు.
బెదిరించాడని ఎవరికి చెప్పను?
బిల్లు నిజమే. చీకటీ నిజమే.

"వాంతి"ని "అస్వస్థత" చేశాను.
"కంపెనీ మనిషి గొడుగు కింద నిలబడి చూశాడు"
అన్నదాని చివర "అని ఆరోపణ" తగిలించాను,
తర్వాత గొడుగు తీసేశాను,
తర్వాత మనిషిని.
పిల్ల పేరు? పసివాళ్ళ పేర్లు వేయకూడదు, నియమం.
ఆ రాత్రి నియమాలన్నీ ఎంత బాగా గుర్తొచ్చాయో నాకు!

కంపెనీ వివరణ జోలికి పోలేదు.
నలభై ఒక్క మాటలు, కామాతో సహా.
ఫలెసికి ఇరవై ఒకటి మిగిలాయి.
దీన్నే మేం సమతూకం అంటాం.
వేలంలోనూ తూకమే కదా,
బేలు అడుగున బూజాకు దాచి
పైన బంగారు రంగుది పరుస్తారు కొందరు.
కొనేవాడు మోచేతి దాకా చెయ్యి దూర్చి
లోపలిది లాగి చూస్తాడు.
పత్రిక కొనేవాడికి ఆ చెయ్యి లేదు.

నా ఫీజులు కట్టింది ఆ ఆకే.
బ్యారన్ నుంచి వచ్చిన నాన్న వేళ్ళకి
జిగురు ఎంత రుద్దినా పోయేది కాదు.
ఆయన తుంచి పెట్టిన న్సిమా ముద్ద చేదు.
ఇంటి అన్నం రుచే అంతనుకునేవాణ్ణి చాలా ఏళ్ళు.
ఇది సంజాయిషీ కాదు.
సంజాయిషీ అయితే ఇంకా బాగా రాసేవాణ్ణి.

వారం తర్వాత తియామికే వచ్చింది,
బూట్ల నిండా ఎర్రమట్టి.
అరుస్తుందనుకున్నాను.
మినీబస్సులో చిల్లర అడిగినట్టు అడిగింది,
"ఆ ఎనిమిది వందల ముప్పై ఎనిమిది ఎక్కడ పెట్టారు?"

నేను కీబోర్డులో దుమ్ము ఊదుకుంటున్నాను.

పత్రిక వాళ్ళ ఊరికీ వెళ్ళిందంది.
కొట్లో ఉప్పు పొట్లం కట్టిచ్చారట,
ఆరో పేజీ, కింద మూల.
అమ్మమ్మకి చదువు రాదు.
ఉప్పు డబ్బాలో పోసుకుని, కాగితం సాపు చేసి,
వేలెడంత ముక్క చింపి,
గుమ్మంలో రాలిన ఆకు నలిపి చుట్టుకుందట,
సరిగ్గా మన వార్త ఉన్న చోట.

"ఏమంది?" అన్నాను.

"బాగా కాలుతుందంది, మీ కాగితం."