చల్లారేదాకా

తాడిపత్రి పాలిష్ మిల్లులో పగలంతా
నాపరాళ్ళు నున్న చేస్తాను, అడుగుకింతని కూలి.
దారం లాగి చూస్తే మట్టం తెలిసిపోతుంది.
వెంట్రుక మందం తేడా అక్కడ ఎవరికీ పట్టదు.

రాత్రి మా వంటగదిలో
ఆ వెంట్రుకే కొండ.

గట్టు మీద అరువు తెచ్చిన చదును గాజుబిళ్ళ,
దాని మీద బోర్లా నా చిన్నద్దం,
టెలిస్కోపు గొంతులో ఏటవాలుగా కూర్చోవలసింది,
ఉడికిన గుడ్డును నిలువునా కోసినట్టు కోలగా.
పాత వీధిదీపంలోని సోడియం బల్బు వెలిగిస్తే
మాబున్నీ మొహం, ఉప్పుడబ్బా, గోడమీది బల్లి
అన్నీ పసుపే.

రెండు గాజుల నడుమ గీతలు తేలాయి.
దువ్వెన పళ్ళలా రావలసినవి
కొడవళ్ళలా వంగి వచ్చాయి.
మూడు నెలల అరగదీత.
నా నోట మాట లేదు.

"ఇంతసేపూ పిడికిట్లో పెట్టుకుంటివి గదా,
ఆ వేడి పోనీ. సంగటినైనా
ఉమ్మగిలనీకుండా కెలుకుతామా?"

మే నెల. గోడలే ఇంకా కాగుతున్నాయి.
మిద్దె మీద వెల్లకిలా పడుకున్నాం
దక్షిణాన తేలు తోక పూర్తిగా పైకొచ్చేదాకా.

దిగి చూస్తే గీతలు తిన్నబడ్డాయి.
అంచున ఒక్కటి మాత్రం
పొట్టి గుమ్మంలో దూరే చుట్టంలా
ఇంకా వంగే ఉంది.

"అంత మేర నల్లరంగు పూస్తే సరి" అన్నాను.
మాబున్నీ ఏమీ అనలేదు.
ఎర్రపొడి డబ్బా తెచ్చి ముందర పెట్టింది.