బుధవారం గడి

ఫహాహీల్‌లో మూడో అంతస్తు.
బకాలా వాడు ఊరికే ఇచ్చిన క్యాలెండరు
వెనక్కి తిప్పి, స్కేలు పెట్టి
ఏడు గళ్ళు గీసింది నాగవేణి.
తన ఆసుపత్రి డ్యూటీలు ఎర్ర పెన్నుతో,
నా నీళ్ళ లారీ ట్రిప్పులు నీలంతో,
మిగిలిన తెల్లటి చోట
వారం వంట.

ఆరేళ్ళు ఇక్కడ మేమిద్దరం
వండుకుని తిన్నామని చెప్పలేను.
ఆమె లేచే వేళకు నేను పడక మీద.
ఖుబ్జ్, పెరుగు, సీసాలో నిలవ కారం.
గిన్నె కడిగి బోర్లించి ఉంటే
ఆమె తిన్నదని నాకు కబురు.
అదీ ఒక సంసారమే.

జీతం కాగితం మీద అడిగినంత అంకె పడ్డాక
పాప వచ్చింది.
చిత్రావతి. మా ఏటి పేరే పెట్టుకున్నాం.
ఎయిర్‌పోర్టులో నా చెయ్యి పట్టుకోలేదు,
ట్రాలీ పట్టుకుంది.

మొదటి వారం గళ్ళన్నీ మేమే నింపాం.
సోమవారం మెత్తగా కలిపిన పప్పన్నం,
మంగళవారం పాలన్నం, చక్కెర వేసి,
గురువారం మళ్ళీ పప్పన్నం, నెయ్యి ఎక్కువ.
పదేళ్ళ పిల్లకు
మా లెక్కలో ఇంకా నాలుగేళ్ళే.
చుట్టాలింట్లో తిన్నట్టు తినేది,
మర్యాదగా,
చాలు అని లేచి పళ్ళెం తనే కడిగేది.

ఓ రాత్రి లారీ తాళాలు మేకుకు తగిలిస్తుంటే
వంటింట్లో పెన్సిలు గీకుడు.
స్టూలెక్కింది. పాలన్నం కొట్టేసింది.
రాస్తోంది: ఉగ్గాని.
దాని పక్కన చిన్నగా: బజ్జీ.
ఇంకా చిన్నగా: మిరపకాయది.

"కారం తింటావా?"
"పిన్నోళ్ళింట్లో ఊరిబిండి నూరేది నేనే."
ఆ చేతులు చూశాను.
పచ్చడిబండ తిప్పినప్పుడల్లా
నాకు చెప్పకుండా పెరిగిన చేతులు.

బొరుగుల కోసం నాలుగు అంగళ్ళు తిరిగాను.
చివరి కొట్టులో బెంగాలీ ముసలాయన
ముడి అన్నాడు, నేను బొరుగులు అన్నాను,
గుప్పెడు గాలి పట్టి
ఎంత తేలికో ఒకరికొకరం చూపించుకున్నాక
లోపల్నించి సంచి తెచ్చాడు.
మంగళవారం మూడుసార్లు పెట్టించుకుంది.
బజ్జీ కొరికి ముక్కు తుడుచుకుంటూ
కారం చాల్లేదంది.

ఇప్పుడు ప్రతి గురువారం రాత్రి
పాత పేపరు పరిచి ముగ్గురం కూచుంటాం.
చెనక్కాయలు ఒలిచేది ఇద్దరు, రాసేది తను.
నియమాలన్నీ తనవే.
ఒకరు చెప్పింది ఇంకొకరు కొట్టేయగూడదు.
"నీ ఇష్టం" అన్నవాళ్ళు గిన్నెలు తోమాలి.
(ఆ మాట నోటికి పట్టేసిన నేను
నెలంతా తోమాను.)
శుక్రవారం చేప, మార్కెట్టుకు ముగ్గురూ పోవాలి,
చేప కన్ను చూసి ఎంచేది అమ్మ,
బేరం నాయన.
బుధవారం గడి మాత్రం ఖాళీ.
ఎవరు ముందు ఇల్లు చేరితే వాళ్ళది.

ముందు చేరేది బడి బస్సేనని
మా ఇద్దరికీ తట్టడానికి
మూడు బుధవారాలు పట్టింది.
పొయ్యి ముట్టగూడదని నాగవేణి షరతు పెడితే
పొయ్యి అక్కర్లేనివి ఎన్నున్నాయో
అప్పుడే తెలిసింది మాకు.

మొన్న బుధవారం దుమ్ము లేచింది.
రోడ్డు కనబడక, లైట్లు వేసుకుని
వరసలో లారీ, లారీలో నేను, నాలిక మీద ఇసక.
ఇల్లు చేరేసరికి పదకొండు.
ఎదురింటి సాలమ్మ సోఫాలో కునుకుతోంది,
పాప ఎప్పుడో పడుకుందని సైగ చేసి
చెప్పులేసుకుని పోయింది.

ఫ్రిజ్ మీద, బుధవారం గడిలో:
ఖుబ్జ్‌లో ఊరిబిండి, ఉల్లిగడ్డ.
అమ్మకి ఒకటి, డ్యూటీ డబ్బాలో పెట్టినా.
నాయనకి రెండు.

నాయనకి.
పెన్సిలు గట్టిగా ఒత్తినట్టుంది,
కాగితం అవతలికి అచ్చు దిగింది.

మూత తీసి నిలబడే తిన్నాను.
ఉప్పు ఎక్కువైంది.
రెండూ తిన్నాను.
పళ్ళెం కడిగి
తనకి కనబడేచోట బోర్లించాను.