ళ పడని మిషను

సావనీరుకి చరిత్ర రాసిమ్మన్నావు, లాయరమ్మా,
రెండు పేజీలు, ఎల్లుండిలోగా.
నలభై ఒక్కేళ్ళు వకాల్తాలు కొట్టిన చేతికి
"కావున తమరు దయయుంచి" లేకుండా
వాక్యం ముగించడం రాదు.
అయినా మొదలెడతాను.

మహారాణిపేటలో మెట్ల కింద గది.
వాన లేకపోయినా గోడ చెమర్చేది, ఉప్పుగాలికి.
బోర్డు మీద: కోరాడ ఎస్తేరు, బి.ఎ., బి.ఎల్., అండ్ అసోసియేట్స్.
అసోసియేట్స్ అంటే నేనూ,
పూర్ణా మార్కెట్లో పాతసామాన్లవాడి దగ్గర
బేరమాడి కొన్న టైపు మిషనూ.

ఆ మిషనుకి ళ పడదు.
చిన్న లోపమే అనుకున్నాం.
మా గడప తొక్కినవాళ్ళు పోగొట్టుకున్నవన్నీ
ఆ అక్షరాన్నే పట్టుకు వేలాడతాయని
తర్వాత గానీ తెలీలేదు.
ఇళ్ళు. ఊళ్ళు.
పోర్టులో క్రేను కింద నలిగిన కాళ్ళు.
అక్కడల్లా ఖాళీ వదిలి
ఎస్తేరమ్మగారు సంతకం పెట్టేలోపు
నీలం సిరాతో దిద్దేవాణ్ణి.
"మీ పిటిషన్లన్నిటికీ ఈ కమిలిన మచ్చలేమిటయ్యా?"
అనడిగాడు ఒక జడ్జీ.

మైలపల్లి పోలమ్మది జాలరిపేట.
మొగుడు తెప్ప మీద వెళ్ళాడు,
తెప్ప ఒక్కటే భీమిలి దగ్గర తేలింది.
శవం లేదు గనక చావు లేదన్నారు ఆఫీసులో.
ఏడేళ్ళు ఆగమంది చట్టం.
"ఈ ఏడేళ్ళూ నాను ముండమోసిందాన్నా, పేరంటాలినా?
అది కూడా రాయించు ఆ కాయితంలో."
ఎస్తేరమ్మగారు పెన్ను మూత తీశారు, పెట్టారు,
మళ్ళీ తీశారు.
ఏమీ రాయలేదు.

ఆ పోలమ్మే ఒకరోజు నేలమీద చతికిలబడి
బోర్డుకేసి చూపించి,
"అసోసియేట్సంటే ఎవులమ్మా?" అంది.
"మీరే."
నవ్వుతుందనుకున్నాం.
"అయితే నాకో కుర్సీ ఎయ్యి."

మర్నాడు డాబాగార్డెన్స్ నుంచి రిక్షాలో
ఆరు ఇనప కుర్చీలు దిగాయి.
ఆ నెల నాకు సగం జీతమే.
సావనీరులో ఇది వెయ్యకపోయినా పర్లేదు.

గెలిచిన కేసులు అడిగావు.
ఓడినవే ఎక్కువ తల్లీ.
ఉక్కు ఫ్యాక్టరీకి భూమి రాసిచ్చిన అసిరయ్య
ఉద్యోగం కార్డుని ప్లాస్టిక్కు కవరులో పెట్టి
చొక్కా లోపల్నే మోశాడు, చెమట తగలకుండా.
కొడుక్కి వయసు దాటింది.
మనవడు అదే గేటు ముందు
ఇప్పుడు బజ్జీల బండి నడుపుతున్నాడు, రుచిగానే చేస్తాడు.
ఆ ఫైలు మూయమని ఆవిడ చెప్పలేదు.
నేనూ అడగలేదు.

హుద్‌హుద్ రాత్రి కిటికీ ఊడి
నీళ్ళు మూడో అరదాకా వచ్చాయి.
తెల్లారాక తాళ్ళు కట్టి కాగితాలు ఆరేస్తుంటే
కర్ర పోటేసుకుంటూ వచ్చింది పోలమ్మ, ముసల్ది.
"అలగ కాదు నాయినా,
నెత్తళ్ళు తిరగేసినట్టు తిరగెయ్యాల,
నేకపోతే పురుగట్టీద్ది."
సాయంత్రందాకా తనే తిరగేసింది,
చదవడం రాని ఆ చేత్తో, ఒక్కొక్కటీ.
తన ఫైలు మాత్రం వాసన చూసి పట్టుకుంది.
ఎప్పుడో తొమ్మిదో ఏట తీర్పొచ్చిన కేసు.
ఫీజు కాలంలో నా అక్షరాలతో:
ఎండు నెత్తళ్ళు, రెండు వీశెలు.

ఎస్తేరమ్మగారు పోయిన సోమవారం కూడా
ఒక వాయిదా ఉంది. నువ్వే వెళ్ళావు,
కోటు పొడవైపోయి, చేతులు మడిచి.
అందుకే ఈ చరిత్ర నీకు అప్పజెబుతున్నాను.

కంప్యూటర్లో ళ చక్కగా పడుతుంది, తెలుసు.
ఇది మాత్రం పాత మిషను మీదే కొట్టాను.
ఖాళీలన్నీ దిద్దాను, ఒక్కటి తప్ప.
సిరా అయిపోయింది.
నువ్వు దిద్దుకుని బేగి బయటికి రా,
వా____ వచ్చి కూర్చున్నారు.