నీరు పోసినవాడు

అక్టోబరులో, సముద్రం గడ్డకట్టక ముందు,
ఉపెర్నావిక్ రేవుకి వచ్చిన ఆఖరి ఓడలోంచి
డీజిలూ, కాఫీ డబ్బాలూ, పసిపిల్లల పాలపొడీ దిగాక
ఒక బీరువా దిగింది.
అద్దం తలుపు. లోపల నాలుగు అరలు.
మట్టి లేదు. చిటికెడైనా లేదు.

ఆనె-బిర్తె తెప్పించుకుంది.
ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే ఉద్యోగం,
పద్నాలుగు నెలలు దాచిన డబ్బు.
"ఈ దీవికి వచ్చే లెట్యూస్ ఆకు
నా పళ్ళెంలోకి చేరేసరికి
నాకన్నా ముసలిదైపోతోంది" అంది.

ఉయార్నెక్ పడీపడీ నవ్వాడు.
నలభై ఏళ్ళు సీల్ వెంటా, హాలిబట్ చేప వెంటా
మంచు మీద తిరిగిన మనిషి.
"గడ్డిని రెయిన్‌డీర్ తింటుంది,
రెయిన్‌డీర్‌ని నేను తింటాను.
మధ్యలో ఈ పెట్టె ఎందుకు?"

నవంబరులో సూర్యుడు సెలవు పెట్టి పోయాడు.
వంటింట్లో బీరువాకి తెల్లారింది.
వంకాయరంగు వెలుగు కిటికీ దాటి
వీధి మంచు మీద పడితే
గొలుసుల కుక్కలు మొరిగి మొరిగి
మూడో రోజుకి మానుకున్నాయి.

పావుగంటకోసారి పంపు చిన్నగా గురక పెడుతుంది.
నీళ్ళు వేళ్ళను తడిపి వచ్చిన దారినే వెళ్ళిపోతాయి.
సత్తువ తగ్గితే పెట్టే కలుపుకుంటుంది,
పులుపెక్కితే పెట్టే విరుచుకుంటుంది.
ఆనె-బిర్తెకి పనేమీ మిగల్లేదు,
స్టూలు లాక్కుని చూడటం తప్ప.
చూసేది.
తెల్లటి వేళ్ళు, మట్టి మొహం ఎరగనివి,
దువ్వడానికి విప్పిన ముసలమ్మ జుట్టులా.

జనవరిలో తుఫాను.
ఆనె-బిర్తె డ్యూటీలోనే చిక్కుకుపోయింది.
ఇంట్లో ఉయార్నెక్ నిద్రలోంచి దిగ్గున లేచాడు,
చప్పుడుకి కాదు,
చప్పుడు ఆగినందుకు.
నడిసముద్రంలో ఇంజను ఆగితే లేచే చెవి అది.

కరెంటు లేదు. గోడలు చల్లబడుతున్నాయి.
తలకి దీపం కట్టుకున్నాడు.
సీల్ తోలు కోటు విప్పి బీరువాకి తొడిగాడు.
ప్రైమస్ స్టవ్ మీద మంచు కరిగించి,
మరీ వేడీ కాదు, మరీ చల్లనా కాదు,
పసిబిడ్డకి పోసే నీళ్ళలా మణికట్టు మీద చూసుకుని
టీ కప్పుతో ఒక్కో వేరు మీదా
పోశాడు.
కాసేపాగి మళ్ళీ పోశాడు.
గడియారం చూడలేదు.
మంచులో సీల్ ఊపిరి తీసుకునే బెజ్జం దగ్గర
పూటలకు పూటలు వంగి నిలబడ్డవాడికి
గడియారమెందుకు?
అప్పుడు చేతిలో బల్లెం. ఇప్పుడు కప్పు. అంతే తేడా.

నారు పోసినవాడు నీరు పోయడా అని
మనం ధీమాగా అనేసుకుంటాం.
ఇక్కడ నారు పోసినామె ఆసుపత్రిలో.
నీరు పోయాల్సిన పెట్టె చచ్చి పడుంది.
ఎగతాళి చేసినవాడు పోశాడు,
రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు.
ఆ పగలు కూడా రాత్రే.

ఆనె-బిర్తె వచ్చేసరికి
పంపు గొంతు సవరించుకుంటోంది.
స్టూలు మీద మొగుడు గురక,
చొక్కా చేతులు మోచేతి దాకా తడి.
పై అరలో పదకొండు మొక్కలు పోయాయి.
తక్కినవి ఉన్నాయి.
కోటు తీసి అతని మీద కప్పింది.
అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఆదివారం సీల్ సూపులోకి
నాలుగు ఆకులు తెంపింది.
అతను చాలాసేపు నమిలాడు.
"ఎలా ఉంది?"
"రుచేం లేదు."
ఇంకా నములుతూ,
"చప్పుడు బాగుంది.
కొత్త మంచు మీద మొదటి అడుగులా."
మళ్ళీ కత్తెర తీసుకుని ఆమె లేస్తే
చెంచా ఆపి, వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"మూడో అరలో కుడి మూలది ముట్టుకోకు.
అది ఇంకా కోలుకోలేదు."