బల్ల కాలి కింద

ఓస్లా ఇల్లు ఖాళీ చేస్తోంది.
వంటింటి బల్ల నన్ను తీసుకెళ్లమంది.
"నువ్వూ గిబ్బీ పేకాడుకున్న బల్ల,
పరాయివాళ్లకి ఇవ్వబుద్ధి కాలేదు"
అంది, నా వంక చూడకుండా,
కప్పులు ఒక్కొక్కటీ పాత పేపర్లో చుడుతూ.
బయట లెర్విక్ రేవు మీద గాలి
తలుపు తీయమన్నట్టు తోస్తూనే ఉంది.

ఆ ఇంటి నేల ఏటవాలు.
గోళీ వదిలితే గుమ్మం దాకా పోతుంది.
బల్ల ఒకవైపు ఎత్తితే
కాలి కింద కనబడ్డాయి
మూడు కవర్లు, ఒకదాని మీద ఒకటి,
అట్టల్లా అణిగిపోయి.
మూడూ డండీ నుంచి వచ్చినవే,
రెండేళ్లకొకటి.
మూడింటి మీదా గిబ్బీ పేరు.
ఒక్కదాని అంచూ చింపలేదు.

లోపలేముందో నాకు తెలుసు.
యాభై దాటితే ఇక్కడ అందరికీ వస్తుంది:
వేలెడంత సీసా, దాని మూతకో పుల్ల,
ఆ పుల్లతో పాయిఖానాలో ఏం చేయాలో
బొమ్మలేసి మరీ చెప్పే కాగితం.
"డండీ వాళ్లకి నా దొడ్డితో ఏం పని?"
అనేవాడు గిబ్బీ. పడవంతా నవ్వేది.
అందరికంటే గట్టిగా నవ్వింది నేనే,
అది ఇక్కడ రాయాలి.

ఇంజిన్ మనిషి గిబ్బీ.
ముప్ఫై ఏళ్లు, రేవు దాటే ప్రతిసారీ,
తుఫాను కానీ పెళ్లి మర్నాడు కానీ,
ఆయిల్లో పుల్ల ముంచి, తుడిచి,
మళ్లీ ముంచి, దీపం దగ్గర పెట్టి
రంగు చూసేవాడు.
"నల్లబడ్డాక చూసి లాభమేంట్రా,
నల్లబడకముందే చూడాలి" అని నాకు నేర్పింది వాడే.

ఓస్లా కప్పు పక్కన పెట్టింది.
"పాతికేళ్ల కాపురంలో మొదటిసారి
తన లోపలి బట్టలు తనే ఉతుక్కున్నాడు.
రెండు చలికాలాలు.
ఇన్నాళ్లకి మంచి బుద్ధి పుట్టిందనుకున్నాను.
మా చెల్లెలికి ఫోన్ చేసి గొప్పలు చెప్పాను."

రాత్రంతా ఓడలో వెళ్లారట అబెర్డీన్‌కి.
డాక్టరు కోప్పడలేదు.
"రెండేళ్ల ముందు గనక..." అని మొదలుపెట్టి
వాక్యాన్ని అక్కడే వదిలేశాడు.
గిబ్బీయే పూర్తి చేశాడు,
కాకపోతే తిరుగు ఓడలో,
ఆమె నిద్రపోయిందనుకుని.

బల్ల ఇప్పుడు మా ఇంట్లో ఉంది.
మా నేల చదునే, అయినా ఊగుతోంది.
అన్నేళ్లు ఒకే ఒంపుకి అలవాటుపడి
ఒక కాలు అరిగిందేమో.
మడత పెట్టడానికి చేతులు రావడం లేదు.
టీ ఒలుకుతోంది. ఒలకనీ.

నా కవరు రొట్టెల డబ్బా వెనకుంది,
నవంబరు నుంచి.
ఎవరూ లేనప్పుడు, ఎవరూ ఉండని ఇంట్లోనే
తలుపు గడియ పెట్టి మరీ కానిచ్చాను.
చేప కడుపులు చీల్చి ముప్ఫై ఏళ్లు బతికినవాణ్ణి,
సీసా మూత బిగించేటప్పుడు చెయ్యి వణికింది.
అంతా కలిపి, కళ్లజోడు వెతుక్కున్నదీ లెక్కేస్తే,
ఏడు నిమిషాలు.

పోస్టు డబ్బా దగ్గర ఎర్టీ నిలబడి ఉన్నాడు.
తెగిన వేలితో వల లాగి
సాయంత్రం దాకా ఎవరికీ చెప్పని ఎర్టీ.
కోటు లోపల ఏదో దాచాడు.
నా చెయ్యీ కోటు లోపలే ఉంది.
గాలి గురించి మాట్లాడుకున్నాం.
మాకెరల్ ధర గురించి.
మళ్లీ గాలి గురించి.

"కరెంటు బిల్లు" అన్నాడు చివరికి,
చూపు తప్పించి.
"నాదీ" అన్నాను.

ఇద్దరం ఒకేసారి తీశాం.
ఒకే రంగు కవర్లు, ఒకే చిరునామా.
ఎర్టీ మెడ దాకా ఎర్రబడ్డాడు.
"ఈసారి బిల్లు బాగా లావుగా ఉంది" అన్నాడు.
అని, నాకంటే ముందు వేసేశాడు.